కారు చక్రం వణుకుతోందా? కారణం గుర్తించే పద్ధతి, తీసుకోవాల్సిన జాగ్రత్తలు

గడివేముల మండలంలో ఇప్పుడు ట్రాక్టరు పక్కనే కారో, బొలెరో లాంటి బండో ఉన్న రైతు ఇళ్లు కనిపిస్తాయి. విత్తనాలకు, మందులకు నంద్యాల, ఉల్లి అమ్మకానికి కర్నూలు మార్కెట్ యార్డు, ఆసుపత్రి పనులకు ఈ రెండు ఊళ్లూ తిరగక తప్పదు. ఊరి రోడ్డు మీద 40 కి.మీ. వేగంలో బాగానే నడిచిన బండి, పాణ్యం దగ్గర 40వ నంబరు జాతీయ రహదారి ఎక్కి 80 కి.మీ. అందుకోగానే స్టీరింగ్ వణకడం మొదలవుతుంది.

ఇలాంటప్పుడు చాలామంది నేరుగా షాపుకు వెళ్లి బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ రెండూ చేయిస్తారు. కారణం వేరే అయితే డబ్బు ఖర్చవుతుంది, వణుకు మాత్రం పోదు. పైగా కొన్ని వణుకులు టైరును అరగదీసి ఊరుకుంటాయి, కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. కాబట్టి షాపుకు వెళ్లే ముందే రెండు విషయాలు గమనించాలి. వణుకు ఎప్పుడు వస్తోంది? ఎక్కడ తెలుస్తోంది?

వణుకు ఎందుకు వస్తుంది?

చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండాలి. ఒక పక్క కొద్దిగా ఎక్కువైతే, తిరిగేటప్పుడు ఆ పక్క చక్రాన్ని బయటికి లాగుతుంది. వేగం రెట్టింపు అయితే ఈ లాగుడు నాలుగు రెట్లు అవుతుంది. చిన్న కారు చక్రం 80 కి.మీ. వేగంలో సెకనుకు సుమారు 12 సార్లు తిరుగుతుంది. రిమ్ అంచున 30 గ్రాముల తేడా ఉంటే, ఆ వేగంలో అది 3 కిలోల బరువు లాగినంత బలంతో లాగుతుంది. 40 కి.మీ. వేగంలో అదే లాగుడు కిలో కంటే తక్కువ. ఊరి రోడ్డు మీద తెలియని లోపం హైవే మీద బయటపడటానికి కారణం ఇదే. నెమ్మదిగా నడిచే ట్రాక్టరుకు బ్యాలెన్సింగ్ చేయించే పని లేకపోవడానికి కారణం కూడా ఇదే.

ముందుగా రిమ్‌లో మట్టి చూడండి

నల్లరేగడి మట్టి తడిగా ఉన్నప్పుడు జిగురులా పట్టుకుంటుంది, ఆరితే రాయిలా గట్టిపడుతుంది. వర్షం తర్వాత పొలం రస్తాలో తిరిగిన బండికి రిమ్ లోపలి వైపు మట్టి పేరుకుని ఒక పక్కనే ఎండిపోతుంది. బయటి నుంచి చూస్తే కనిపించదు. 30 గ్రాములంటే పిడికెడు మట్టి కూడా కాదు.

• నాలుగు చక్రాల లోపలి వైపు నీళ్లు గట్టిగా కొట్టి, కర్రతో లేదా బ్రష్‌తో మట్టి మొత్తం తీసేయాలి. గునపం, సుత్తి వాడితే రిమ్‌కు అతికించిన బ్యాలెన్స్ బరువులు ఊడిపోతాయి.
• టైరు గ్రిప్పులో ఇరుక్కున్న రాళ్లు తీయాలి.
• టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకోవాలి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది.

ఆ తర్వాత మళ్లీ రోడ్డెక్కి చూడాలి. వణుకు పోతే షాపు ఖర్చు తప్పినట్టే.

వణుకును బట్టి కారణం

• 70–100 కి.మీ. మధ్య స్టీరింగ్ వణికితే ముందు చక్రాల బ్యాలెన్స్ తప్పి ఉండవచ్చు.
• అదే వేగంలో స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు, కింది రేకు వణికితే వెనక చక్రాలు చూపించాలి.
• 20–40 కి.మీ. వేగంలోనే బండి ఊగినట్టు అనిపిస్తే రిమ్ వంగడం, టైరు ఉబ్బడం, నట్లు వదులవడం కారణాలు కావచ్చు. బ్యాలెన్సింగ్‌తో ఇది పోదు.
• బ్రేకు తొక్కినప్పుడే వణికితే బ్రేకు డిస్కులు చూపించాలి. టైర్ల మీద ఖర్చు పెట్టవద్దు.
• యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వణికి, వదిలితే తగ్గితే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు, వెనక చక్రాలతో నడిచే బండ్లలో ప్రొపెల్లర్ షాఫ్ట్ చూపించాలి.
• గుయ్‌మనే శబ్దం వస్తూ, మలుపు తిప్పినప్పుడు అది పెరగడమో తగ్గడమో జరిగితే వీల్ బేరింగ్‌పై అనుమానించాలి.
• బండి ఒక పక్కకు లాగినా, టైరు ఒక అంచునే అరిగినా అది అలైన్‌మెంట్ సమస్య. అలైన్‌మెంట్ తప్పినంత మాత్రాన సాధారణంగా వణుకు రాదు.
• నెలల తరబడి కదలని బండి మొదట వణికి, కొన్ని కిలోమీటర్లు తిరిగాక సర్దుకుంటే భయం లేదు. టైరు నేలకు ఆనిన చోట చదునుగా మారడం వల్ల అలా జరుగుతుంది.

వెంటనే బండి ఆపాల్సిన లక్షణాలు

• పంక్చర్ వేయించాక లేదా చక్రం మార్చాక కొత్తగా వణుకు, టకటక శబ్దం వస్తే నట్లు వదులుగా ఉన్నాయేమో చూడాలి. అలాగే నడిపితే చక్రం ఊడిపోయే ప్రమాదం ఉంది.
• టైరు పక్క గోడ మీద ఉబ్బు కనిపిస్తే లోపలి దారాలు తెగినట్టే. దానికి మరమ్మతు లేదు, టైరు మార్చాల్సిందే.
• గ్రిప్పు ఒకచోట ఎత్తుగా లేచి, వణుకు రోజురోజుకూ పెరుగుతుంటే టైరు పొరలు విడిపోతున్నాయని అర్థం. ఎండాకాలంలో వేడి రోడ్డు మీద, బరువు వేసి వేగంగా వెళితే ఇలాంటి టైరు పేలిపోతుంది.

వీటిలో ఏది కనిపించినా వేగం మెల్లగా తగ్గించి, రోడ్డు దిగి పక్కకు ఆపాలి. బ్రేకు ఒక్కసారిగా తొక్కకూడదు. ఉబ్బిన టైరును "ఈ ఒక్క ట్రిప్పు" అని కూడా నడపవద్దు. స్టెప్నీ వేసుకోవాలి.

ఇంటి దగ్గర చేసుకోగల పరీక్ష

ముందు చక్రాల వరకు ఇంట్లోనే చూసుకోవచ్చు. బండిని గట్టి చదును నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టాలి. రేగడి నేలలో జాకీ దిగబడుతుంది కాబట్టి అక్కడ ఈ పని చేయకూడదు. జాకీ మీద ఉన్న బండి కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరవద్దు.

1. జాకీ ఎత్తే ముందు వీల్ స్పానర్‌తో నట్లన్నీ బిగువుగా ఉన్నాయో లేదో చూడాలి.
2. చక్రం లేపి, పైన ఒక చేయి, కింద ఒక చేయి పట్టి కదిలించాలి. ఆడితే బేరింగ్ లేదా బాల్ జాయింట్ అరిగి ఉండవచ్చు.
3. కుడి, ఎడమ అంచులు పట్టి కదిలించాలి. ఇలాగే ఆడితే స్టీరింగ్ రాడ్ల చివర్లు చూపించాలి.
4. గేరు న్యూట్రల్‌లో ఉంచి, రిమ్ అంచుకు దగ్గరగా నేల మీద ఒక పుల్ల నిలబెట్టి చక్రం తిప్పాలి. పుల్లకూ రిమ్‌కూ మధ్య సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే రిమ్ వంగినట్టు.

ఇంకా తేలకపోతే ముందు చక్రాలను అదే పక్క వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూడాలి. వణుకు స్టీరింగ్ నుంచి సీటుకు మారితే లోపం చక్రంలోనే ఉంది. స్టీరింగ్‌లోనే ఉండిపోతే లోపం బండి ముందు భాగంలో ఉంది.

బ్యాలెన్సింగ్ చేయించేటప్పుడు

• చక్రం మెషీన్ మీద పెట్టే ముందు మట్టి కడిగించాలి, పాత బరువులు తీయించాలి. మట్టితోనే బ్యాలెన్స్ చేస్తే, అది రాలిన రోజు వణుకు మళ్లీ మొదలవుతుంది.
• బరువులు పెట్టాక చక్రాన్ని మళ్లీ తిప్పించి, లోపలి వైపు, బయటి వైపు రెండూ సున్నా చూపేదాకా ఉండాలి.
• ఒకే చోట బరువు మీద బరువు పెట్టాల్సి వస్తే రిమ్ వంపు, టైరు గుండ్రం కూడా చూడమని అడగాలి.
• టైరులో పంక్చర్ ద్రవం పోయించి ఉంటే ముందే చెప్పాలి. అది లోపల ఒకచోట చేరితే మెషీన్ ప్రతిసారీ వేరే లెక్క చూపుతుంది.
• నట్లను ఒకదాని తర్వాత ఒకటి వరుసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. స్పానర్ మీద కాలు పెట్టి తొక్కితే బోల్టు మర పాడవుతుంది. 50–100 కి.మీ. తిరిగాక బిగువు మరోసారి చూసుకోవాలి.

గుర్తుంచుకోవాల్సినవి

పాత టైరు కొనేటప్పుడు పక్క గోడ మీద డి.ఓ.టి. అక్షరాలతో మొదలయ్యే వరుస చివర ఉన్న నాలుగు అంకెలు చదవాలి. 2321 అని ఉంటే అది 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైన టైరు. గ్రిప్పు లోతు 1.6 మి.మీ.కు తగ్గితే కారు టైరు మార్చాలి. కొత్త టైరు వేసిన ప్రతిసారీ బ్యాలెన్సింగ్ చేయించాలి. పెద్ద గుంతలో పడ్డాక వణుకు మొదలైతే రిమ్ కూడా చూపించాలి.

వానాకాలంలో పొలం నుంచి వచ్చిన రోజే చక్రాల లోపలి వైపు కడిగేస్తే సరిపోతుంది. మట్టి తడి మీద ఉండగా రెండు బకెట్ల నీళ్లతో పోతుంది. ఎండాక అదే పని అరపూట పడుతుంది.