ఏఐ తింటున్న ర్యామ్, మనం కడుతున్న బిల్లు

"ఫోన్ ఇప్పుడే కొనాలా, ఆరు నెలలు ఆగితే రేటు తగ్గుతుందా?" మా ఆఫీసులో ఫోన్ మార్చాలనుకునే ప్రతి ఒక్కరూ నన్ను అడిగేది ఇదే. మొన్నటిదాకా "ఆగు, సేల్‌లో తగ్గుతుంది" అనేవాడిని. ఈసారి అలా చెప్పట్లేదు. కారణం ప్రాసెసరో, కెమెరానో కాదు. స్పెక్స్ లిస్టులో మనం ఒక్క అంకె చూసి వదిలేసే ర్యామ్.

ప్రపంచంలో ర్యామ్ చిప్స్‌లో 90 శాతానికి పైగా మూడు కంపెనీల నుంచే వస్తాయి: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఈ మార్కెట్ అచ్చం మదనపల్లె టమాటా లాంటిది. రేటు బాగుందని అందరూ వేస్తారు, పంట ఎక్కువై రోడ్డు మీద పారబోస్తారు, తర్వాత సీజన్‌లో వేసేవాళ్లు తగ్గి కిలో వంద దాటుతుంది. కాకపోతే టమాటా మూడు నెలల్లో చేతికొస్తుంది. కొత్త చిప్ ఫ్యాక్టరీకి రెండు మూడేళ్లు పడుతుంది.

ఆ పారబోసే సీజన్ 2023లో వచ్చింది. కోవిడ్ తర్వాత ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల అమ్మకాలు పడిపోయి స్టాక్ గుట్టలుగా పేరుకుంది. ఆ ఏడాది మొదటి మూడు నెలల్లోనే శాంసంగ్ చిప్ విభాగం 4.58 లక్షల కోట్ల కొరియా వాన్లు నష్టపోయింది. దెబ్బకి కంపెనీలన్నీ ఉత్పత్తి తగ్గించాయి, కొత్త పెట్టుబడులకు బ్రేక్ వేశాయి.

సరిగ్గా అప్పుడే ఏఐ వచ్చి పడింది. ఏఐ సర్వర్లలో జీపీయూ పక్కన పెట్టే హెచ్‌బీఎం అనే మెమరీ కూడా ర్యామే, కాకపోతే చిప్స్‌ని ఒకదాని మీద ఒకటి పేర్చి తయారు చేస్తారు. అదే కెపాసిటీ మామూలు ర్యామ్‌తో పోలిస్తే దీనికి దాదాపు మూడు రెట్లు సిలికాన్ వేఫర్ కావాలి. లాభం మాత్రం చాలా ఎక్కువ. అంటే ఒక జీబీ హెచ్‌బీఎం తయారైతే, మన ఫోన్లకి, పీసీలకి రావాల్సిన మూడు జీబీలు పోయినట్టే. 2025 అక్టోబరులో ఓపెన్‌ఏఐ తన స్టార్‌గేట్ ప్రాజెక్టు కోసం శాంసంగ్, హైనిక్స్‌లతో చేసుకున్న ప్రాథమిక ఒప్పందంలో లక్ష్యం నెలకి 9 లక్షల వేఫర్ల వరకూ ఉంది. డిసెంబరులో మైక్రాన్ ఏకంగా తన కన్స్యూమర్ బ్రాండ్ క్రూషియల్‌నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. పీసీ బిల్డ్ చేసేవాళ్లకి ఆ పేరు ఎంత అలవాటో తెలుసు కదా!

మరి ఇంత డిమాండ్ ఉంటే నాలుగు ఫ్యాక్టరీలు ఎక్కువ కట్టొచ్చుగా? ఇక్కడ భయం పని చేస్తుంది. 2009లో జర్మనీ కంపెనీ కిమోండా, 2012లో జపాన్ కంపెనీ ఎల్పిడా ఇలాంటి రేట్ల పతనంలోనే దివాలా తీశాయి. మిగిలిన మూడూ ఆ సీజన్లు దాటుకుని బతికినవే. ఏఐ జోరు చల్లబడే టైముకి కొత్త ఫ్యాక్టరీ రెడీ అయితే? అందుకే ఆచితూచి అడుగేస్తున్నాయి. వాళ్ల కుర్చీలో ఉంటే నేనూ అదే చేస్తాను.

ఫోన్ కంపెనీలకి సెగ అప్పుడే తగిలింది. 2025 అక్టోబరులో చైనాలో రెడ్‌మీ కే90 ధర మీద ఫ్యాన్స్ గోల చేస్తే, షావోమీ ప్రెసిడెంట్ లూ వేబింగ్ మెమరీ ఖర్చునే చూపించారు. మనకైతే ఇంకో రెండు తోడవుతాయి: చిప్స్‌కి డాలర్లలో కట్టాలి, పెరిగిన ధర మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. డిసెంబరులో డాలర్ 90 రూపాయలు దాటింది కూడా. గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ ప్లాంట్ ఉందిగా అంటారేమో, అక్కడ జరిగేది ప్యాకేజింగ్, టెస్టింగే. వేఫర్లు బయటి నుంచే రావాలి.

ఎక్కువ దెబ్బ బడ్జెట్ ఫోన్లకే. లక్ష రూపాయల ఫోన్‌లో వెయ్యి పెరిగితే సర్దుకుంటారు, 12 వేల ఫోన్‌లో కుదరదు. అక్కడ కంపెనీకి మిగిలేవి రెండే దారులు: రేటు పెంచడం, లేదా అదే రేటుకి ర్యామ్ తగ్గించడం. కాబట్టి కొత్త మోడల్ రివ్యూ చదివేటప్పుడు పాత మోడల్ ర్యామ్, స్టోరేజ్ టైప్ పక్కన పెట్టి చూడండి.

నేనైతే ఇప్పుడు 12జీబీ ర్యామ్ వేరియంట్‌కి అదనంగా పెట్టను, గేమింగ్ లేకపోతే 8జీబీ చాలు. స్టోరేజ్ మాత్రం 256జీబీ తీసుకుంటాను, మెమరీ కార్డ్ స్లాట్ లేని ఫోన్‌లో దాన్ని తర్వాత పెంచుకోలేం. పాత ఫోన్‌కి ఇంకా అప్‌డేట్స్ వస్తుంటే, కొత్త బ్యాటరీ వేయించి మరో ఏడాది లాగించేయండి.