తప్పు తూటాదా, తుపాకీదా?

మనూళ్ళో ఎస్సై గారి నడుముకి రివాల్వరు చూస్తూ పెరిగిన నాకు, డబ్లిన్ వచ్చిన కొత్తలో ఇక్కడి పోలీసులు వింతగా కనిపించారు. వీళ్ళని గార్డా అంటారు. యూనిఫాం వేసుకున్నవాళ్ళలో చాలామంది ఆయుధం లేకుండానే డ్యూటీ చేస్తారు. ప్రత్యేక సాయుధ దళాల దగ్గర మాత్రం సిగ్ సావర్ పి226 పిస్తోళ్ళుంటాయి.

ఈ పి226 వెనక మన వృత్తికి పనికొచ్చే కథ ఒకటుంది. 1984లో అమెరికా సైన్యం కొత్త పిస్తోలు కోసం పోటీ పెడితే పరీక్షలన్నీ నెగ్గినవి రెండే: ఇదీ, ఇటలీ వాళ్ళ బెరెట్టా 92ఎఫ్. ధర దగ్గర బెరెట్టా గెలిచి, 1985లో ఎం9 పేరుతో ఎంపికైంది.

రెండేళ్ళు తిరిగేసరికి గొడవ మొదలైంది. పిస్తోలు పైభాగంలో ముందుకీ వెనక్కీ కదిలే ఉక్కు భాగాన్ని స్లైడ్ అంటారు. 1987 సెప్టెంబరు నుంచి కొన్ని నెలల్లో, కాలుస్తుండగా అది విరిగి, వెనక ముక్క ఎగిరొచ్చి ముగ్గురు అమెరికా నౌకాదళ కమెండోల ముఖాలకి తగిలింది. లాబ్ పరీక్షల్లో మరో పదకొండు విరిగాయి.

ఇక తప్పెవరిది? "ఉక్కులో దెబ్బ తట్టుకునే గుణం తక్కువ" అంది సైన్యం. "మీ తూటాల్లో పీడనం మోతాదు మించింది" అంది కంపెనీ. ఈ సంభాషణ ఎక్కడో విన్నట్టు లేదూ?

మామూలు సమస్యల్లో తప్పు పట్టుకోవడం డీబగ్గింగ్ లాంటిదే. మీట నొక్కినా తూటా పేలలేదనుకోండి. కాసేపు ఆగి, జాగ్రత్తగా బయటికి తీసి, దాని అడుగునున్న ప్రైమర్ చూస్తారు. లోతుగా సొట్టపడి కూడా పేలకపోతే అనుమానం తూటా మీద. సొట్ట పైపైన ఉంటే తుపాకీలో స్ప్రింగు బలహీనపడిందేమో, మురికి పట్టిందేమో చూడాలి. ఒకే పెట్టెలోని తూటాలు రెండు తుపాకుల్లోనూ మొరాయిస్తే పెట్టెని, రకరకాల తూటాలు ఒకే తుపాకీలో మొరాయిస్తే తుపాకీని అనుమానించాలి. సూత్రం ఒక్కటే: ఒకసారికి ఒకటే మార్చాలి.

ఎం9 విషయంలో మాత్రం వాదన అంత తేలిగ్గా తెగలేదు. ఎక్కువ పీడనాన్ని మంచి ఉక్కు తట్టుకోవచ్చు, బలహీనమైన ఉక్కు తక్కువ పీడనంలో నెట్టుకురావచ్చు. రెండూ కలిసినప్పుడే ప్రమాదం.

నాకు నచ్చింది ఆ తర్వాత చేసిన పని. స్లైడ్ల తయారీ మార్చడంతో ఆగలేదు. లోపల సుత్తిని పట్టి ఉంచే పిన్ను తల పెద్దది చేశారు. ఇకమీదట స్లైడ్ విరిగినా వెనక ముక్క ఆ పిన్నుకి తట్టుకుని ఆగిపోతుంది. తప్పెవరిదైనా, కాల్చేవాడి మొహం మాత్రం పగలదు.

ఒక క్లయింటు దగ్గర ఫైలు లోడ్ ఫెయిలైన రాత్రి నాకిది గుర్తొచ్చింది. ఫైలు పంపినవాళ్ళు ప్రోగ్రాందే తప్పన్నారు, మేం ఫైలుదే అన్నాం. తీరా చూస్తే ఒక ఫీల్డులో ఒప్పుకున్నదానికంటే రెండక్షరాలు ఎక్కువొచ్చాయి. మా ప్రోగ్రాం పొడవు చూసుకోకుండా మింగబోయి కూలిపోయింది. రెండు పక్షాలూ సగం సగం ఒప్పు, సగం సగం తప్పు. తెల్లారేదాకా వాదించుకున్నాం, మధ్యలో నలిగింది మాత్రం జీతాలు ఆగిపోయిన ఉద్యోగులు.

అందుకే ఇప్పుడు ఏది కూలినా ముందు వేసుకునే ప్రశ్న మార్చుకున్నాను. తప్పెవరిదన్నది తర్వాత చూద్దాం, ముక్క ఎగిరి ఎవరికీ తగలకుండా మన పిన్ను ఎక్కడుంది?