మూలపేట తీరము: ఊరి కైఫీయతు వ్రాసికొనవలసిన వేళ

ప్రాచీన చిహ్నములనగానే కోటలును గోపురములును మన మనస్సున మెదలును. కాని ఒక సీమ చరిత్ర రాళ్లయందే గాక పల్లెవాసుల పనిపాటలయందును నిలిచియుండును. శ్రీకాకుళము జిల్లా సంతబొమ్మాళి మండలమునందలి మూలపేట పరిసరములు ఇందుకు చక్కని నిదర్శనము.

టెక్కలి చెంతనున్న రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి వెలసియున్నాడు. ఇచటి శివలింగమునకు గర్భాలయపు కప్పు లేదు. ఎండయు వానయు నేరుగా స్వామిపై పడవలసినదే. కార్తికమాసమున చుట్టుపట్ల గ్రామములవారు తండోపతండములుగా వచ్చి అభిషేకము చేయింతురు.

నౌపడ ఉప్పు మడులు మరియొక తీరు చిహ్నములు. పోటు సమయమున ఉప్పుటేటినుండి నీటిని పల్లపు నేలలోనికి మళ్లింతురు. ఆ నీరు మడినుండి మడికి పారుచు, ఎండకును గాలికిని చిక్కబడును. మొదట సున్నపు పదార్థము అడుగున దిగును. పిమ్మట ఉప్పు గట్టిపడును. చేదునీటిని తీసివేసి, ఉప్పును పోగుచేసి కుప్పలు వేయుదురు. అకాలపు వాన ఒక్కటి కురిసినచో కూలీల దినముల శ్రమ కరగిపోవును. నౌపడనుండి పర్లాకిమిడి సంస్థానాధీశులు నిర్మింపజేసిన చిన్న రైలుమార్గము 1900లో ప్రారంభమైనది. అది నేడు బ్రాడ్‌గేజి మార్గము.

సమీపముననే తేలినీలాపురము కలదు. అచటి చెట్లపై గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును ఏటేట వచ్చి గూళ్లు కట్టి పిల్లలను పొదుగును. గ్రామస్థులు వానిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులవలె చూచికొందురు. నౌపడ చిత్తడినేలలందలి చేపలే వానికి ఆహారము. కావున ఉప్పుటేరును, మడులును, పక్షులును, పల్లెయు ఒకదానిపై ఒకటి ఆధారపడియున్నవి.

ఇట్టి తీరమునకు నేడు పెద్ద మార్పు వచ్చినది. తొలుత భావనపాడు పేరిట తలపెట్టబడిన ఓడరేవునకు 2023 ఏప్రిల్ 19వ తేదీన మూలపేటలో శంకుస్థాపన జరిగినది. వలసలకు పేరుపడిన ఈ ప్రాంతమున ఉపాధి పెరుగునను ఆశ సహజమే. అయితే రేవు కొరకు మూలపేట, విష్ణుచక్రం గ్రామములవారు తమ ఇండ్లను వీడవలసి వచ్చినది. ఇంటికి వెలకట్టవచ్చును, గ్రామదేవత గద్దెకును, పడవలు లాగిన ఒడ్డునకును, రచ్చచెట్టు నీడకును వెలకట్టుట యెట్లు?

వానిని వ్రాసి నిలుపుట యొక్కటే మార్గము. ఇంగ్లండులో విలియం రాజు ఆజ్ఞపై 1086లో పెక్కు గ్రామముల భూములు, నాగళ్లు, నీటిమరలు లెక్కించి డూమ్స్‌డే గ్రంథమున కెక్కించిరి. నేటికిని అచటి పల్లెవారు తమ ఊరి పేరును అందు వెదకికొందురు. మన దేశమున కర్నల్ మెకంజీ, కావలి సోదరుల సాయమున, గ్రామ కైఫీయతులను సేకరించెను. ఈ జిల్లాలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు ముఖలింగ శాసనములను శ్రమించి చదివిరి. 1919లో శాలిహుండము బౌద్ధక్షేత్రమును వెలుగులోనికి తెచ్చిరి. చూచి వ్రాసినవారుండుటచేతనే అవి మనకు దక్కినవి.

ఈ పనికి పెద్ద ధనము అక్కరలేదు. పాఠశాల విద్యార్థులు ఉపాధ్యాయుల పర్యవేక్షణలో ఊరి వృద్ధులను అడిగి వ్రాయవచ్చును. ఊరికి పేరెట్లు వచ్చెను? వీధులేవి, బావులేవి? ఏయే పండుగలు, ఏయే వృత్తులు? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఏ తోటలను పడగొట్టెను? చెప్పినవారి పేరును, తేదీని చేర్చి, ప్రతి నొకదానిని పంచాయతీ కార్యాలయమునను, మరియొకదానిని పాఠశాలయందును భద్రపరుపవలెను. నేలను వీడినను ఊరు మాసిపోకుండుటకు ఇదియే ఆధారము. చెప్పగల పెద్దలుండగానే ఈ కార్యమునకు పూనుకొనుట యుక్తము.