ఆకలి కాని ఆకలి

హిందూపురమునుండి పెనుకొండ మీదుగా ధర్మవరము పోవు రైలుబండిలో ఒక వింత చూడవచ్చును. ఇంట కడుపునిండ సంగటి తిని బయలుదేరినవాడే, బండి కదలగానే వేరుసెనగకాయల పొట్లము విప్పును. అతనికి ఆకలియా? కాదు, ఏమియు తోచకపోవుట. ఇట్లే దిగులును, భయమును, కోపమును ఆకలి వేషము వేసికొని వచ్చుచుండును.

ఈ వేషమును మనము పసితనముననే నమ్మ నేర్చితిమి. ఇది కరవులకు పెట్టినది పేరైన సీమ. ఇచట ప్రేమ చూపుట యనగా అన్నము పెట్టుటయే. హిందూపురము బెల్లపు వ్యాపారమునకు పేరెన్నికగన్న ఊరు. ఏడ్చు బిడ్డ నోట బెల్లపుముక్క పెట్టని తల్లి యెవరు? అది తప్పు కాదు. కాని దుఃఖమునకు మందు నోటిలోనే కలదని బిడ్డ నేర్చుకొనును. పెద్దవాడై, పరీక్షకు ముందురాత్రి మురుకుల డబ్బాలో చేయి పెట్టును.

దీనికి శరీరమందును కారణము కలదు. ఒత్తిడి చాలకాలము సాగినచో కార్టిసాల్ అను హార్మోను రక్తమున హెచ్చి, తీపిపైనను, నూనెవంటకములపైనను కోరిక పెంచును. పెనుకొండ దాపున 2019 నుండి కార్లు తయారగుచున్నవి. ఏ కర్మాగారమునందైనను రాత్రిపూట పనిచేసి నిద్ర చాలనివానికి ఆకలి హెచ్చుట సహజము. తిన్నంతనే ఊరట కలుగుట నిజమే. పిమ్మట పాత దిగులు మరల వచ్చును, సిగ్గును వెంటబెట్టుకొని.

రెంటిని గుర్తించుట యెట్లు? నిజమైన ఆకలి మెల్లగా వచ్చును, ఉన్నదానితో తృప్తిపడును. మనస్సు ఆకలి హఠాత్తుగా వచ్చును. ఫలానిదే కావలెనని పట్టుపట్టును. కడుపు నిండినను ఆగదు.

ధర్మవరమున పట్టుచీర నేయువాడు పోగు తెగినపుడు మగ్గము ఆపి, తెగినచోటు వెదకి, ముడివేయును. మనమును అట్లే చేయవలెను. చేయి డబ్బావైపు సాగినపుడు క్షణమాగి, “నాలో తెగినదేమి?” యని ప్రశ్నించుకొనవలెను. భయమైనచో స్నేహితునితో చెప్పుకొనుట, విసుగైనచో నాలుగడుగులు నడచుట, అలసటయైనచో నిద్రించుట మందు. వేళకు భోజనము మానరాదు. కడుపు మాడ్చుకొన్నవాడే రాత్రి అదుపు తప్పును. చాటుగా, అమితముగా తినుట మాటిమాటికి జరుగుచున్నచో వైద్యుని చూడవలెను.

ఉపాధ్యాయులకు ఒక విన్నపము. లావైన బాలుని తరగతిలో తిండిపోతని పరిహసింపకుడు. నలుగురు నవ్విన ఆ సాయంకాలమే అతడు మరల డబ్బాను వెదకికొనును. “ఏమి నాయనా, దిగులుగా నున్నావే?” యని మీరడిగినచో, ఆ అవసరము కొంత తీరును.