అమెరికాలో మజిల్‌లోడర్ వేట నిబంధనలు

గొట్టం మూతి గుండా మందు, గుండు దట్టించి పేల్చే తుపాకిని మజిల్‌లోడర్ అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పలు రాష్ట్రాలు ఈ తుపాకితో జింకలను వేటాడేవారికి ప్రత్యేక కాలాన్ని కేటాయిస్తాయి. ఒక్క గుండుతో, దగ్గర నుండి కొట్టవలసి రావడం వలన వేట కష్టమవుతుందన్నది ఈ ఏర్పాటుకు ఆధారం. వేట నియంత్రణ ప్రధానంగా రాష్ట్రాల అధికారం కనుక, ఏ తుపాకిని పాతకాలపుదిగా పరిగణించాలో ఒక్కో రాష్ట్రం ఒక్కో విధంగా నిర్ణయిస్తుంది.

1985లో టోనీ నైట్ రూపొందించిన ఇన్‌లైన్ తుపాకి ఈ భేదాలకు ప్రాముఖ్యం తెచ్చింది. ఇందులో మందును అంటించే భాగం గొట్టానికి సరిగ్గా వెనుకనే ఉంటుంది. అందువలన తడి వాతావరణంలో కూడా ఇది నమ్మకంగా పేలుతుంది. దుర్భిణి అమర్చితే దూరపు జంతువునూ కొట్టవచ్చు. ఇక ఇది పాత ఆయుధమెలా అవుతుందన్నదే వివాదం.

పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తరువాతి జింకల వేటకాలంలో చెకుముకి రాయితో నిప్పు పుట్టించే ఫ్లింట్‌లాక్ మాత్రమే చెల్లుతుంది. కొలరాడో మజిల్‌లోడర్ కాలంలో ఇన్‌లైన్‌ను అనుమతిస్తుంది గాని, దృశ్యాన్ని పెద్దదిగా చూపే దుర్భిణులను, బిళ్లలుగా చేసిన మందును, గుండుకు వేసే ప్లాస్టిక్ తొడుగులను నిషేధించింది. ఐడహో మరింత కఠినం: తుపాకిలో నిప్పు పుట్టే భాగం బయటకు కనబడాలి. మిసిసిపీ దారి వేరు. అక్కడి "ఆదిమ ఆయుధాల" కాలంలో వెనుక నుండి తూటా నింపే, 0.35 అంగుళం లేదా అంతకు మించిన వ్యాసం గల ఒంటి తూటా రైఫిల్ సైతం, సుత్తి బయటకు ఉంటే చాలు, చెల్లుతుంది. నిజానికి అది మజిల్‌లోడరే కాదు.