కొండ జరిగితే కనిపెట్టే రాడార్

2020 ఫిబ్రవరి 22 రాత్రి, అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో సటార్షియా అనే పల్లె దగ్గర కార్లు నడుస్తూ నడుస్తూ ఆగిపోయాయి. పెట్రోలు లేక కాదు, గాలిలో ఆక్సిజన్ చాలక. వానలకు నానిన గట్టు జారి, అందులో పూడ్చిన కార్బన్ డయాక్సైడ్ గొట్టం వెల్డింగ్ అతుకు దగ్గర తెగింది. 45 మంది ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది.

వందల కిలోమీటర్ల గొట్టం వెంట ప్రతి గట్టుకూ మనిషిని కాపలా పెట్టలేరు. ఆ పనిలో కొంత ఇప్పుడు ఉపగ్రహ రాడార్‌ది.

దాని కథ 1951లో మొదలైంది. ఎగురుతున్న చిన్న యాంటెన్నా దారి పొడవునా అందుకున్న సంకేతాలను కలిపి లెక్కగడితే, అది పెద్ద యాంటెన్నాలా చూడగలదని గుడ్‌ఇయర్ కంపెనీ ఇంజనీరు కార్ల్ వైలీ గ్రహించాడు. 1978లో సముద్రాలను చూడటానికి ఇలాంటి రాడార్‌తో నాసా పంపిన సీశాట్ ఉపగ్రహం, షార్ట్ సర్క్యూట్‌తో మూడున్నర నెలలకే మూగబోయింది. అయినా దాని పాత డేటాను తిరగేసి గాబ్రియల్, గోల్డ్‌స్టీన్, జెబ్కర్ అనే శాస్త్రవేత్తలు 1989లో ఒక సంగతి చూపించారు: కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయలో నీళ్లు పెట్టిన పొలాల బంకమట్టి ఉబ్బింది. నల్లరేగడి రైతుకు ఇందులో వింతేముంది? దాన్ని అంతరిక్షం నుంచి కొలవడమే వింత.

కిటుకంతా అలలో ఉంది. సెంటినెల్-1 ఉపగ్రహం 693 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఐదున్నర సెంటీమీటర్ల రేడియో అలలు పంపి, 12 రోజులకు మళ్లీ అదే దారిన వస్తుంది. ఈలోగా నేల కాస్త జరిగినా, తిరిగొచ్చే అల వెనకో ముందో పడుతుంది. ఆ తేడాయే కొలత.

చైనాలోని షిన్‌మో గ్రామంపై 2017 జూన్ 24న కొండ కూలింది. తర్వాత పాత రాడార్ చిత్రాలను వరసగా పేర్చి చూస్తే, వాలు ముందే వేగం పుంజుకున్నట్టు తేలింది. చేతులు కాలాక చూసిన చిత్రాలే, కానీ దారి చూపాయి.

లోపాలూ ఉన్నాయి. ఉత్తర దక్షిణాలుగా జరిగే నేల ఈ రాడార్‌కు సరిగా ఆనదు. దట్టమైన అడవిలో ఆకులు గందరగోళం చేస్తాయి. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ఉపగ్రహంలో 24 సెంటీమీటర్ల అల ఉంది, అది ఆకుల మధ్య నుంచి మరింత లోతుకు పోతుంది.

రాడార్ చెప్పేది నేల కదలికనే; ఇక గొట్టం సంగతి కంప్యూటర్ మోడల్ చూడాలి. వాలు వెంట దిగే గొట్టం పైన సాగి, కింద నలుగుతుంది. వాలుకు అడ్డంగా పోయేది విల్లులా వంగుతుంది. నేల వేగం, వాన, మట్టి, ఉక్కు మందం కలిపి లెక్కగట్టి, ముందు ఏ గట్టు తవ్వాలో ఇంజనీర్లు తేలుస్తారు. చుట్టూ మట్టి తీసేస్తే, బిగుసుకున్న గొట్టం కొంతమేర వెనక్కి సర్దుకుంటుంది.