వీడియో చూసి గురి కుదురుతుందా?

2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నీల్ కుసాళే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచాడు. కొల్హాపూర్ జిల్లా కంబళ్‌వాడీ అతని ఊరు. అప్పటికి మన సెంట్రల్ రైల్వేలోనే టికెట్లు చూసే ఉద్యోగం చేసేవాడు. ఇట్లాంటి కబురు విన్నాక "నాకూ షూటింగ్ నేర్పించు బాపూ" అని అడిగే పిల్లలు మన పేటల్లోనూ ఉంటారు. క్లాసుకు ఫీజు కట్టాలి, ఫోన్లో వీడియో ఉచితం. సాంచాల మీద బతికే ఇంట్లో ఈ లెక్క చిన్నదేం కాదు.

ముందు చట్టం సంగతి. 4.5 మిల్లీమీటర్ల ఛర్రా వాడే, 20 జౌల్స్ దాటని ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. అందుకే చాలామంది దాన్ని బొమ్మ అనుకుంటారు. అసలు తుపాకీ సంగతి వేరు. 21 ఏళ్లు నిండాలి, లైసెన్సు కావాలి. 2016 ఆయుధ నియమాల ప్రకారం భద్రతా శిక్షణ పూర్తిచేసినట్టు సర్టిఫికెట్ కూడా చూపించాలి. వీడియోలు చూశానంటే అక్కడ చెల్లదు.

వీడియోలో చెప్పేది తప్పని కాదు. చిక్కు ఏమిటంటే, వీడియో మనల్ని చూడదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో నడిమి చుక్క అర మిల్లీమీటరే. రైఫిల్ బరువు 5.5 కిలోల దాకా ఉండొచ్చు. గురి చూసేవాడి కన్ను సైట్ల మీద ఉంటుంది కాబట్టి తన భుజం బిగిసిందా, నడుము వంగిందా, ట్రిగ్గర్ మీద వేలు ఉలిక్కిపడిందా అన్నది వాడికి తెలియదు. నాడె సరిగా పోవడం లేదని పక్క సాంచా దగ్గర నిలబడ్డ పెద్దాయన చప్పుడు విని చెప్తాడు చూడండి, అట్లాంటి మనిషి ఇక్కడా కావాలి.

.22 రైఫిల్ నేర్పే కోచ్‌లు ఒక ఉపాయం చేస్తారు. శిష్యుడికి తెలియకుండా గుండ్ల మధ్య ఒక ఖాళీ తూటా పెడతారు. వాడు ట్రిగ్గర్ నొక్కుతాడు, గుండు పేలదు, కానీ గొట్టం మాత్రం గుటుక్కున కిందికి వంగుతుంది. చప్పుడు వస్తుందన్న బెదురుతో ముందే చేయి కదిలిందని వాడికే కళ్లారా కనిపిస్తుంది. తూటా ఖాళీదని తనకు తెలిస్తే ఈ పరీక్షకు అర్థం లేదు. పక్కన రెండో మనిషి ఉండి తీరాలి.

భద్రత ఇంకా పెద్ద మాట. రేంజ్‌లో అందరూ తుపాకులు ఖాళీ చేసి కింద పెట్టేదాకా ఒక్కరూ గీత దాటరు. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే. గోడకు గోడ ఆనుకున్న మన ఇళ్లలో, మిద్దె మీద డబ్బా పెట్టి కాలిస్తే సీసం ఛర్రా ఇనుముకో రాయికో తగిలి తిరిగి ఎటు పోతుందో చెప్పలేం. పక్కింటి పిల్ల బట్టలారేయడానికి అప్పుడే పైకి రావచ్చు. కన్ను పోతే మళ్లీ రాదు. పైగా వీడియోల్లో చాలా మట్టుకు అమెరికావి: వేట, ఆత్మరక్షణ, పెద్ద తుపాకులు. మన పిల్లలు ఆడాల్సిన పోటీకి వాటితో పెద్దగా పని లేదు.

అట్లని ఫోన్ పక్కన పడేయమని కాదు. ఫైనల్స్ చూడటానికి, నియమాలు తెలుసుకోవడానికి అది మంచిదే. అన్నిటికంటే మంచి ఉపయోగం తిరగేసి వాడటం: పిల్లవాడు నిలబడ్డ తీరును పక్క నుంచి వీడియో తీసి కోచ్‌కు చూపించడం. మను భాకర్ అంతటి ఆమె కూడా టోక్యోకు ముందు దూరమైన కోచ్ జస్పాల్ రాణా దగ్గరికే మళ్లీ వెళ్లింది, ఆ తర్వాతే పారిస్‌లో రెండు కాంస్యాలు.

మరి ఎక్కడ నేర్పించాలి? కాలేజీ పిల్లలకు ఎన్‌సీసీ అన్నిటికంటే చవక, .22 రైఫిల్ కాల్పులు అందులో భాగమే. పుణే బాలేవాడీలో పెద్ద రేంజ్ ఉంది. మన హైదరాబాద్‌లో పెరిగి 2012 లండన్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ అకాడమీ కూడా పుణేలో మొదలైందే. ఊళ్లో క్లబ్బుల కోసం జిల్లా క్రీడాధికారి కార్యాలయంలో అడగండి, రైఫిల్ సంఘం గుర్తింపు ఉందో లేదో చూడండి. తుపాకీ మాత్రం ముందే కొనకండి, మొదట్లో క్లబ్బుదే సరిపోతుంది. డబ్బు కట్టేముందు ఒక గంట కూర్చుని క్లాసు చూస్తామని అడగండి. మొదటి రోజే ఛర్రాలు చేతికిచ్చి కాల్చమనే చోటైతే ఇంకోటి వెతుక్కోండి.